సంస్థలలో నివసించువారి సంరక్షణ: పరిశోధనలు తెలుపు సంగతులు, సంఘము నేర్వవలసిన పాఠములు

ఉపోద్ఘాతము

తెలుగు దేశములో మిషను ఎక్కడ నాటబడెనో అక్కడ గుడి ప్రక్కనే ఒక బడియో, ఒక ఆసుపత్రియో, ఒక వసతి గృహమో ఉండుట మనము చిన్ననాటి నుండి చూచిన సంగతియే. 1876–78 సంవత్సరముల గొప్ప కరవు కాలములో దక్షిణ భారతమందలి మిషనెరీలు దిక్కులేని పిల్లలను చేర్చుకొని అనాథాశ్రమములు నెలకొల్పిరి. తరువాత కుష్ఠు రోగుల గృహములు, విధవల గృహములు, వృద్ధాశ్రమములు వచ్చినవి. మా తరమువారిలో అనేకులము మిషను బోర్డింగు అన్నము తిని చదువుకొన్నవారమే. కాబట్టి ఈ పరిచర్యను తక్కువ చేసి మాటలాడుట మా ఉద్దేశము కాదు.

అయితే ఒక ప్రశ్న మిగిలియున్నది. ఆకలిగొన్నవారికి అన్నము, దిక్కులేనివారికి పైకప్పు ఇచ్చితిమి, సరే. అట్టి గృహములో ఏండ్ల తరబడి నివసించుట వలన ఆ మనుష్యుని అంతరంగమునకు ఏమి జరుగుచున్నది? ఈ ప్రశ్నను సంఘము అరుదుగా అడిగినది. వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, సమాజ శాస్త్రజ్ఞులు దాదాపు 80 ఏండ్లుగా అడుగుచున్నారు. వారు కనుగొనిన వాటిలో ముఖ్యమైన వాటిని ఈ వ్యాసములో వివరించి, వాక్యపు వెలుగులో పరిశీలించి, కాపరులు చేయదగిన వాటిని సూచించుదుము. మేము చెప్పదలచినది ఒక్క మాటలో ఇది: అన్నము, బట్ట, మందు అవసరమే, కాని అవి మాత్రమే చాలవు. తనను విడువక అంటిపెట్టుకొనియుండు ఒక మనిషి, తనదైన పేరు, తన మాటకు కొంత విలువ, తన అవసరత ఇతరులకు ఉన్నదను భావము లేకపోయినయెడల, శుభ్రమైన గృహములోనే మనిషి క్షీణించిపోవును.

1. మేము తప్పుగా చదివిన ఒక గుర్తు

మేము పాస్టరుగా ఉన్న ఒక పట్టణములో సంఘమునకు చేరిన పిల్లల గృహమొకటి ఉండెను. దాని కమిటీలో కొన్నేండ్లు మేమును సభ్యులముగా ఉంటిమి. అక్కడ నాలుగేండ్ల పాప ఒకతె ఉండెడిది. తండ్రి లేడు; తల్లి కూలిపని చేసుకొనుచు, బిడ్డను పోషించలేక మాయొద్ద విడిచినది. ఆ పాప గేటు తెరుచుకొనిన శబ్దము వినబడగానే పరుగెత్తుకొని వచ్చి, వచ్చినవారు ఎవరైనను వారి చేయి పట్టుకొని ఒడిలో కూర్చుండెడిది. మేము దానిని అతిథులకు చూపించి, ఇక్కడి పిల్లలు ఎంత ప్రేమగా ఉందురో చూడుడని సంతోషముతో చెప్పెడివారము.

తల్లి మొదట ప్రతి ఆదివారము వచ్చెడిది. ఆమె వెళ్లిన తరువాత పాప రాత్రంతా ఏడ్చెడిది, ఆ ఏడ్పు విని మిగిలిన పిల్లలును ఏడ్చెడివారు. పిల్లలు కలత చెందుచున్నారని వార్డెను ఫిర్యాదు చేయగా, తల్లిదండ్రులు మూడు నెలలకు ఒకసారి మాత్రమే రావలెనని కమిటీ తీర్మానించెను. ఆ తీర్మానము క్రింద మా సంతకము కూడ ఉన్నది. కొన్ని నెలలలో ఏడ్పు ఆగిపోయినది. సమస్య తీరినదని మేము తలంచితిమి.

ఆ రెండు గుర్తులనూ, అనగా క్రొత్తవారి యెడల ఆ చనువును, ఆగిపోయిన ఆ ఏడ్పును, మేము తప్పుగా చదివితిమని చాల ఆలస్యముగా, ఈ పరిశోధనలను చదివిన తరువాత గ్రహించితిమి.

2. శుభ్రమైన ఊయలలలో చిన్నబిడ్డలు

రెనే స్పిట్జ్ అను వైద్యుడు 1945లో ఒక అధ్యయనమును ప్రచురించెను. ఆయన రెండు స్థలములలోని శిశువులను పోల్చి చూచెను. మొదటిది విడువబడిన బిడ్డల గృహము. అక్కడ ఆహారము, పరిశుభ్రత, వైద్యము మంచివే, కాని ఒక్కొక్క నర్సు ఎనిమిది మందికి పైగా శిశువులను చూచుకొనవలసియుండెను. రెండవది స్త్రీల కారాగారములోని శిశు విభాగము. అక్కడ నేరము చేసి శిక్ష అనుభవించుచున్న తల్లులే తమ బిడ్డలను పెంచుకొనుచుండిరి. రెండేండ్లలో మొదటి గృహమందలి 91 మందిలో 34 మంది మరణించిరి. కారాగారములో ఒక్క బిడ్డయు మరణింపలేదు. స్పిట్జ్ పద్ధతిలో లోపములున్నవని 1950లలోనే విమర్శలు వచ్చినవి. ఆ గృహములో తట్టువ్యాధి కూడ ప్రబలినది. అయినను, మంచి నర్సుల చేతులలోకంటె నేరస్థురాలైన తల్లి ఒడిలో బిడ్డ బాగుగా బ్రదుకుట చూచి వైద్యలోకము ఆలోచనలో పడెను.

1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొరకు జాన్ బౌల్బీ ఒక నివేదిక వ్రాసెను. చిన్నబిడ్డకు తల్లితోనైనను, తల్లి స్థానములో నిలిచిన మరియొకరితోనైనను ఎడతెగని, ఆప్యాయమైన బంధము ఉండుట మానసిక ఆరోగ్యమునకు అత్యవసరమని అందు వాదించెను. ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఆసుపత్రిలో చేరిన రెండేండ్ల పాప ఎనిమిది దినములు గడిపిన తీరును చలనచిత్రముగా తీసెను. ఆ కాలమున బ్రిటిషు ఆసుపత్రులలో తల్లులు వచ్చినప్పుడు పిల్లలు ఏడ్చుచున్నారని, తల్లుల రాకనే తగ్గించెడివారు. రాబర్ట్‌సన్ చూపించిన సత్యము దీనికి వ్యతిరేకము. బిడ్డ మొదట ఏడ్చి నిరసించును. పిమ్మట నిరాశలో మునుగును. చివరకు బంధమునే త్రెంచుకొని, ఏమియు జరగనట్లు ఊరకుండును. పెద్దలు ఈ మూడవ దశను చూచి, బిడ్డ అలవాటు పడినదని సంతోషింతురు. 1959లో బ్రిటిషు ప్రభుత్వ నివేదిక ఒకటి తల్లిదండ్రుల రాకకు ఆటంకములు తొలగించవలెనని సిఫారసు చేసెను. మా కమిటీ తీర్మానము దాని తరువాత ఎన్నో ఏండ్లకు వ్రాయబడినది.

బార్బరా టిజర్డ్ 1970లలో లండనులోని శిశు గృహములను పరిశీలించెను. అవి స్పిట్జ్ చూచిన గృహము వంటివి కావు. ఆటవస్తువులు, పుస్తకములు, తగినంతమంది ఉద్యోగులు ఉండిరి. పిల్లల తెలివితేటలు కూడ సాధారణముగానే ఉండెను. కాని ఉద్యోగులు మారుచుండుట వలన, నాలుగేండ్లు నిండుసరికి ఒక్కొక్క బిడ్డ సగటున 50 మంది చేతులు మారినది. అట్టి పిల్లలలో అనేకులు క్రొత్తవారిని సహితము వెంటనే అంటుకొనిపోవుట ఆమె గమనించెను. అందరిని ఒకే విధముగా హత్తుకొనుట ప్రేమ సమృద్ధికి గుర్తు కాదు. తనవారెవరో తెలియని లేమికి గుర్తు. మా గేటు యొద్దకు పరుగెత్తుకొని వచ్చిన పాప మాతో చెప్పినది ఇదే.

3. బుకారెస్టు, హైదరాబాదు

రుమేనియాలో 1966 నాటి గర్భస్రావ నిషేధపు ఆజ్ఞ, దానితోకూడ పేదరికము వలన తల్లిదండ్రులు పోషించలేని పిల్లలు ప్రభుత్వ గృహములను నింపిరి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వము కూలిన తరువాత లక్షకు పైగా పిల్లలు అట్టి గృహములలో ఉన్నట్లు లోకమునకు తెలిసినది. 2000 సంవత్సరము తరువాత చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను అమెరికా పరిశోధకులు బుకారెస్టు పట్టణములోని ఆరు గృహముల నుండి, మూడేండ్లలోపు వయస్సుగల 136 మంది పిల్లలను తీసుకొని, చీట్లు వేసినట్లు రెండు భాగములుగా చేసిరి. సగముమందిని ఈ పని కొరకే సిద్ధపరచిన పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. మిగిలిన సగముమంది గృహములలోనే ఉండిరి. కాని వారిలో ఎవరికి కుటుంబము దొరికినను వెళ్లుటకు అభ్యంతరము లేకుండెను. పిల్లలను ఇట్లు విభజించుట న్యాయమా అని గట్టి వాదము జరిగినది. ఆనాడు ఆ పట్టణములో పెంపుడు కుటుంబములు దాదాపు లేవని, ఈ అధ్యయనము వలననే కొందరికైనను కుటుంబము దొరికినదని పరిశోధకులు జవాబిచ్చిరి.

ఫలితములు 2007లో ప్రచురింపబడినవి. నాలుగున్నర ఏండ్ల వయస్సులో తెలివితేటల పరీక్షలో గృహమునకు కేటాయింపబడిన పిల్లల సగటు 73, పెంపుడు కుటుంబములకు వెళ్లినవారి సగటు 81, మొదటినుండి తమ ఇంటనే పెరిగిన అక్కడి పిల్లల సగటు 109. రెండేండ్లలోపే కుటుంబమునకు చేరినవారు ఎక్కువగా కోలుకొనిరి. అనగా కుటుంబము బాగుచేయును. ఆలస్యమైన కొలది బాగుచేయుట కష్టమగును. 2020లో 300కు పైగా అధ్యయనములను, లక్షకు పైగా పిల్లల వివరములను కలిపి చూచిన సమీక్షయు, సంస్థలలోని పిల్లల శరీర ఎదుగుదల, మేధస్సు, ఏకాగ్రత వెనుకబడుచున్నవని, కుటుంబములకు మారినప్పుడు అనేక విషయములలో కోలుకొనుచున్నారని తేల్చెను.

ఇక్కడ ఆగినయెడల మేము పక్షపాతము చూపినవారమగుదుము. 2009లో క్యాథరిన్ వెట్టెన్, ఆమె సహపరిశోధకులు ఐదు దేశములలో 6 నుండి 12 ఏండ్ల వయస్సుగల అనాథ పిల్లలను, విడువబడిన పిల్లలను పోల్చి చూచిరి. సంస్థలలోనివారు 1,357 మంది, బంధువుల యొద్దనో ఇతర గృహములలోనో ఉన్నవారు 1,480 మంది. ఆ అధ్యయన స్థలములలో మన హైదరాబాదు ఒకటి. నాగాలాండు, కంబోడియా, ఇథియోపియా, కెన్యా, టాంజానియా మిగిలినవి. సంస్థలలోని పిల్లల ఆరోగ్యము, మానసిక స్థితి, నేర్చుకొను శక్తి, ఎదుగుదల బయట ఉన్నవారికంటె తక్కువగా లేవని వారు కనుగొనిరి.

ఈ రెండింటిలో ఏది నిజము? మా అభిప్రాయములో రెండును నిజమే. బుకారెస్టువారు శిశువులు, హైదరాబాదు అధ్యయనములోనివారు బడి వయస్సు పిల్లలు. బుకారెస్టులో పోలిక సహాయము పొందిన, సిద్ధపరచబడిన కుటుంబములతో జరిగినది. రెండవదానిలో పోలిక ఏ సహాయమును లేక ఈడ్చుకొనివచ్చుచున్న పేద గృహములతో జరిగినది. ఆదుకొనువారు లేని పేద బంధువు ఇంటికంటె మంచి వసతి గృహము మేలు కావచ్చును. కాని ఆ బంధువును ఆదుకొనుటకు సంఘమునకు శక్తి ఉండి, ఆదుకొనక, బిడ్డను మాత్రము తీసుకొనిన యెడల మనము ఏమి చేసినవారమగుదుము? ఈ ప్రశ్నను కాపరులు తప్పించుకొనరాదు.

4. గంట, వరుస, పెట్టె

పిల్లలనుండి పెద్దలయొద్దకు వత్తము. సమాజ శాస్త్రజ్ఞుడైన ఎర్వింగ్ గాఫ్‌మన్ 1955–56లో వాషింగ్టనులోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో దాదాపు ఒక సంవత్సరము రోగుల మధ్య తిరిగి, చూచినవాటిని 1961లో ఒక గ్రంథముగా ప్రచురించెను. నిద్ర, పని, వినోదము మూడును ఒకే చోట, ఒకే అధికారము క్రింద, అందరికి ఒకే వేళలో జరుగు స్థలమును ఆయన సంపూర్ణ సంస్థ అని పిలిచెను. అందులో కారాగారములను, సైనిక శిబిరములను, ఆశ్రమ పాఠశాలలను, సన్యాస మఠములను కూడ చేర్చెను. మన సెమినరీ హాస్టలు విద్యార్థులకు గంట కొట్టగానే లేచుట, గంట కొట్టగానే తినుట ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే మనము మూడు నాలుగేండ్లలో పట్టా పుచ్చుకొని బయటికి వత్తుము. జీవితమంతయు అట్లు గడుపవలసినవారి సంగతి వేరు.

గాఫ్‌మన్ ముఖ్యముగా గమనించినది ప్రవేశ దినము. వచ్చినవాని సామాను తీసివేయుట, జుట్టు కత్తిరించుట, అందరివంటి బట్ట తొడుగుట, పేరుకు బదులు నంబరు ఇచ్చుట. ఇవన్నియు పరిపాలన సౌలభ్యము కొరకే జరుగును, ద్వేషముతో కాదు. అయినను లోపలికి వచ్చినవాడు ఒక్కొక్క గుమ్మము దాటిన కొలది తాను ఎవరో ఆ సంగతిని పోగొట్టుకొనును.

మేము పరామర్శకు వెళ్లుచుండిన ఒక వృద్ధాశ్రమములో ఒక అవ్వగారు తన రేకు పెట్టెతో వచ్చినది. గది చక్కగా కనబడవలెనని పెట్టెలన్నియు స్టోరు గదిలో పెట్టించిరి. ఆమె పెట్టెలో విలువైనదేమియు లేదు. భర్త ఫోటో, పెండ్లినాటి చీర, చిరిగిన బైబిలు. వారమునకు ఒకసారి స్టోరు తెరుచుదురు. తక్కిన ఆరు దినములు ఆమె ఆ తలుపు యొద్దనే కూర్చుండెడిది. ఆమెకు మతి చలించుచున్నదని అక్కడివారు మాతో చెప్పిరి. మతి చలించినది ఎవరికో పాఠకులే నిర్ణయింతురు గాక.

5. వృద్ధులు: మొక్కకు నీళ్లు ఎవరు పోయవలెను?

ఇంగ్లండు, వేల్సు దేశములలోని 173 వృద్ధుల గృహములను దర్శించి పీటర్ టౌన్‌సెండ్ 1962లో ఒక గ్రంథము వ్రాసెను. అక్కడి వృద్ధులు కుటుంబమును, స్నేహితులను, పనిని, ఏకాంతమును కోల్పోయి ఒకరి ప్రక్క ఒకరు కూర్చుండియు ఒంటరులుగా ఉన్నారని ఆయన చూపించెను. అనేకులకు కావలసినది గృహమునకు తరలింపు కాదు, తమ ఇంటిలోనే కొంత సహాయమని ఆయన వాదించెను.

1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రములో ఒక వృద్ధుల గృహమందు చిన్న ప్రయోగము చేసిరి. మొత్తము 91 మంది. ఒక అంతస్తువారితో, మీ గది ఎట్లుండవలెనో మీరే నిర్ణయించుకొనుడి, ఈ మొక్కను మీరే పెంచుడి, సినిమాకు ఏ రాత్రి వచ్చెదరో మీరే చెప్పుడి అనిరి. రెండవ అంతస్తువారితో, మీ సంతోషము మా బాధ్యత, మొక్కకు నర్సు నీళ్లు పోయును, మీ సినిమా ఫలాని రాత్రి అనిరి. మాటలు రెండును ప్రేమగలవే. మూడు వారములలో మొదటివారు ఎక్కువ చురుకుగా, సంతోషముగా కనబడిరి. ఏడాదిన్నర తరువాత మొదటివారిలో 15 శాతము, రెండవవారిలో 30 శాతము మరణించిరి. సంఖ్య చిన్నది గనుకను, పరిశోధకులే 1978లో తమ గణాంకమును సవరించుకొనిరి గనుకను, మరణముల తేడాపై మేము భారము మోపము. చురుకుదనములో కలిగిన మార్పే మనకు చాలును. సేవ చేయించుకొనుట మాత్రమే మిగిలిన మనిషికి, తాను సేవ చేయుటకు ఏదైనను ఇయ్యవలెను, అది ఒక మొక్కయైనను సరే.

మతిమరుపు వ్యాధి గల వృద్ధుల విషయములో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు టామ్ కిట్‌వుడ్ 1997లో వ్రాసిన గ్రంథము ముఖ్యమైనది. యౌవనములో ఆంగ్లికన్ గురువుగా అభిషేకము పొంది, తరువాత ఆ మార్గము విడిచినవాడాయన. రోగి మెదడు క్షీణించుట వ్యాధి వలననే కావచ్చును. కాని రోగిని మనిషిగా చూడకపోవుట చుట్టునున్నవారి వలన జరుగునని ఆయన చెప్పెను. అట్టి ప్రవర్తనలలో 17 రకములను లెక్కించెను: రోగి ఎదుటనే అతడు లేనట్లు అతని గూర్చి మాటలాడుట, పెద్దవానిని చిన్నపిల్లవానివలె లాలించుట, అతడు అందుకొనలేనంత తొందర పెట్టుట, మోసపుచ్చి పని చేయించుకొనుట మొదలైనవి. చేయువారు చెడ్డవారు కారు, తీరిక లేనివారు.

మనిషితనము ఇతరులు ఇచ్చు గుర్తింపులో ఉన్నదని కిట్‌వుడ్ బోధ. అబర్డీను విశ్వవిద్యాలయములో వేదాంతము బోధించు, పూర్వము నర్సుగా పనిచేసిన జాన్ స్వింటన్ 2012లో వ్రాసిన గ్రంథములో దీనికి ఒక ప్రశ్న వేసెను. ఇతరులు కూడ మరచిపోయినయెడల ఆ మనిషి ఏమగును? మనిషి ఎవరో నిలుపునది అతని జ్ఞాపకము కాదు, మన జ్ఞాపకము కాదు, దేవుని జ్ఞాపకమే అని స్వింటన్ జవాబు. తల్లి మరచినను తాను మరువనని యెషయా 49:15లో యెహోవా చేసిన వాగ్దానమును బట్టి, మతిమరుపు వృద్ధుని యొద్ద నిలుచుండు కాపరికి ఈ జవాబు గొప్ప ఆదరణ. అయితే దేవుడు జ్ఞాపకముంచుకొనునని చెప్పి మనము మరచిపోవుటకు ఇది అనుమతి కాదు.

6. వాక్యపు వెలుగు

యాకోబు 1:27 పిల్లల గృహముల గోడలపై, రసీదు పుస్తకములపై తరచుగా కనబడు వచనము. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను ఇబ్బందిలో పరామర్శించుట నిష్కళంకమైన భక్తి అని అందలి భావము. అక్కడి గ్రీకు క్రియ ఎపిస్కెప్తొమై. దర్శించుట, వెళ్లి చూచుట, బాగోగులు విచారించుట అని దాని అర్థము. మత్తయి 25:36లో రోగిని చూడ వచ్చుటకును ఇదే క్రియ వాడబడినది. సంఘాధ్యక్షుడు అను అర్థమిచ్చు ఎపిస్కొపొస్ అను పదమును అదే మూలమునకు చెందినది. కావున గృహమును కట్టుట ఈ వచనమునకు విధేయత అని మనము తలంచినను, వచనము అడుగుచున్నది మనమే వెళ్లుటను. విధవను, పిల్లలను వేరుచేయక ఒక్క మాటలో చెప్పుటయు గమనింపదగినది. తండ్రిలేని బిడ్డయు విధవయు సాధారణముగా ఒకే ఇంటివారు. బిడ్డను గృహములో ఉంచి విధవను గుడిసెలో విడుచుట యాకోబు చెప్పినది కాదు.

1 తిమోతి 5వ అధ్యాయములో పౌలు విధవల విషయమై క్రమము నియమించుచు, మొదట పిల్లలును మనుమలును, తరువాత సంఘము అను వరుసను చూపెను. సంఘము కుటుంబమును తొలగించి దాని స్థానములో నిలుచుటకు కాదు, కుటుంబము లేనిచోట నిలుచుటకు. సిలువమీద నున్న ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించినప్పుడు ఆ శిష్యుడు ఆమెను తన ఇంటికే చేర్చుకొనెనని యోహాను 19:26–27 తెలుపుచున్నది. మంచి కాపరి గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచును (యోహాను 10:3). గ్రుడ్డివాడైన బర్తిమయికి ఏమి కావలెనో అందరికి తెలిసియుండగా, ప్రభువు అతనినే అడిగెను (మార్కు 10:51). పరిశోధకులు ఏండ్ల తరబడి శ్రమించి కనుగొనిన పేరు, మాట, ఇల్లు అను మూడును ఆయన పరిచర్యలో ఆదినుండి ఉన్నవి.

7. ముల్లరు గృహములు నేర్పిన పాఠము

తెలుగు ప్రసంగములలో ప్రార్థనా వీరుడైన జార్జి ముల్లరు పేరు రాని సంవత్సరము ఉండదు. గోదావరి ప్రాంతమునకు 1836లో బౌడెన్, బీర్ అను మిషనెరీలను తోడుకొనివచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఆయనకు బావమరది గనుక మనకు ఆ బంధమును కలదు. ముల్లరు అదే 1836లో బ్రిస్టలు పట్టణములో మొదటి అనాథ గృహమును తెరచెను. 1870 నాటికి ఆష్లీ డౌన్ అను మిట్టమీద ఐదు గొప్ప భవనములు లేచినవి. వాటిలో 2,050 మంది పిల్లలకు చోటుండెను. ఇంతవరకు మనము ప్రసంగింతుము. తరువాతి కథ చెప్పము. 1958లో ముల్లరు వారసులు ఆ భవనములను పట్టణపు అధికారులకు అమ్మివేసి, పిల్లలను చిన్న చిన్న కుటుంబ గృహములకు మార్చిరి. విశ్వాసము తగ్గి కాదు, డబ్బు లేక కాదు. పెద్ద భవనము బిడ్డకు ఇల్లు కాజాలదని గ్రహించి, పరిచర్యను నిలుపుకొని గోడలను విడిచిరి.

కుటుంబము అనగానే అంతయు క్షేమమని కూడ అనుకొనరాదు. 1945లో ఇంగ్లండులో డెన్నిస్ ఓనీల్ అను 12 ఏండ్ల బాలుడు, అధికారులు అప్పగించిన పెంపుడు ఇంటిలోనే హింసింపబడి మరణించెను. ఆ కాలపు విచారణల ఫలితముగా 1948లో అక్కడ పిల్లల చట్టము వచ్చినది. గృహమైనను కుటుంబమైనను వెళ్లి చూచువారు లేనిచోట బలహీనునికి రక్షణ లేదు.

మన దేశములో 2015 నాటి బాల న్యాయ చట్టము సంస్థలో ఉంచుటను చివరి మార్గముగానే చెప్పుచున్నది; పిల్లల గృహములన్నియు నమోదు కావలెననియు, 18 నిండి వెళ్లినవారికి 21 వరకు తోడ్పాటు ఉండవలెననియు నియమించినది. 2007 నాటి చట్టము తల్లిదండ్రుల పోషణను పిల్లల బాధ్యతగా చేసినది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభయు పిల్లలను కుటుంబములనుండి అనవసరముగా వేరుచేయవద్దని తీర్మానించెను. ఇట్టి చట్టములను మన పరిచర్యపై దాడిగా కొందరు చూచుచున్నారు. అమలు చేయువారి ఉద్దేశములు ఎట్లున్నను, ఈ సూత్రము వెనుక 80 ఏండ్ల పిల్లల కన్నీరు ఉన్నదని మనము ఒప్పుకొనవలెను.

8. కాపరులు చేయదగినవి

(అ) బిడ్డను చేర్చుకొనక ముందు, ఈ బిడ్డపై నెలకు మనము పెట్టబోవు ఖర్చు తల్లికి ఇచ్చినయెడల బిడ్డ ఇంటనే ఉండగలదా అని అడుగవలెను. మిషన్ వాత్సల్య పథకము క్రింద ఇట్టి కుటుంబములకు స్పాన్సర్‌షిప్ సహాయము కలదు. దరఖాస్తు వ్రాయించి జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు తోడుకొనిపోవుట కూడ పరిచర్యయే.

(ఆ) రాకపోకలను తగ్గించక పెంచవలెను. తల్లి వెళ్లిన తరువాత బిడ్డ ఏడ్చినయెడల సంతోషింపవలెను, బంధము బ్రదికియున్నది. ఏడ్చు బిడ్డను ఎత్తుకొనుటకు ఒక మనిషిని ఏర్పాటు చేయవలెను.

(ఇ) ఒక్కొక్క బిడ్డకు తనదని చెప్పుకొనదగిన ఒక పెద్ద ఉండవలెను. హాస్టలు అమ్మలు ఆరు నెలలకొకరు మారుటకు కారణము తరచుగా జీతమే. క్రొత్త గదికి శంకుస్థాపన చేయుటకంటె ఆమె జీతము పెంచుట మేలు.

(ఈ) ప్రతివానికి తన పెట్టె, తన ఫోటో, తన పుట్టినరోజు ఉండవలెను. వృద్ధులను తాతా, అవ్వా అని గుంపుగా పిలువక, వారి వారి పేర్లు తెలిసికొని గారు చేర్చి పిలువవలెను.

(ఉ) సెమీ క్రిస్మసు దినములలో దుప్పట్లు, కేకులు పట్టుకొని వృద్ధాశ్రమమునకు వెళ్లుట మనకు వాడుక. పంచుచు ఫోటో తీయించుకొనుట మానుదుము. పిల్లలను వరుసగా నిలువబెట్టి దాతల ఎదుట పాడించుటయు మానుదుము. వారాంతపు పరిచర్యకు వెళ్లు సెమినరీ విద్యార్థులు వారమునకొక గృహమునకు వెళ్లుటకంటె, ఏడాదంతయు ఒకే గృహములో అదే ఇద్దరు ముగ్గురిని కలిసికొనుట మేలు.

(ఊ) వృద్ధులకు పని ఇయ్యవలెను. సంఘములోని రోగుల పేర్లు వారికిచ్చి ప్రార్థన భారము అప్పగింపవచ్చును. గుడికి తేగలిగినవారిని తెచ్చి వాక్యము చదివింపవచ్చును. ప్రార్థన చేయించుకొనువారిని ప్రార్థన చేయువారినిగా మార్చవలెను.

(ఋ) కాపరి ముందుగా చెప్పకయే వెళ్లవలెను. వార్డెను లేనిచోట నివాసులతో మాటలాడవలెను. చెడు జరిగినట్లు వినినయెడల సంఘము పేరు కాపాడుటకు దాచక, చట్టప్రకారము తెలుపవలెను.

ముగింపు

ఆ పాప పదవ తరగతి ముగించి గృహమునుండి వెళ్లినది. చదువు వచ్చినది, ఆరోగ్యముగా ఉన్నది. మేము కృతజ్ఞతాస్తుతులు చెల్లించితిమి. కొన్ని నెలల తరువాత తల్లి మమ్మును వెదకికొని వచ్చినది. ఫిర్యాదు చేయుటకు కాదు. కూర్చుండి, కొంతసేపు ఊరకుండి, ఇట్లనెను: "అయ్యగారూ, మీరు నా బిడ్డకి అన్నం పెట్టారు, చదువు చెప్పించారు. ఆ రుణం తీర్చలేను. కానీ అది నన్ను అందరినీ పిలిచినట్టే పిలుస్తోందయ్యా."

మాయొద్ద జవాబు లేకపోయెను. ఆ దినమున మా సంతకము జ్ఞాపకము వచ్చినది. నెలకు ఆ బిడ్డపై మేము పెట్టిన ఖర్చు ఆ తల్లి కూలికి జతపరచినయెడల ఇద్దరును ఒకే కప్పు క్రింద బ్రదికెడివారు. ఆ లెక్క వేయుటకు కమిటీలో ఎవరికిని తోచలేదు, మాకును తోచలేదు.

తన శిష్యులను అనాథలనుగా విడువనని ప్రభువు చెప్పినప్పుడు (యోహాను 14:18) వారికి ఒక భవనమును వాగ్దానము చేయలేదు. తానే వారియొద్దకు వచ్చెదనని వాగ్దానము చేసెను. మన గృహములలో కొన్ని ఇంకను అవసరమే. నిజముగా ఎవరును లేనివారు ఉన్నారు. వాటిని బాగుచేయుదము. అవసరము లేని చోట, తల్లి చేతిని విడిపించుటకు బదులు ఆ చేతిని బలపరచుదము. రెండు చోట్లను మనమే వెళ్లి చూచుదము.